ఎప్పటి నుంచి

ఆగస్టు 3, సోమవారం

ఉత్తరం వచ్చింది. పశువైద్య కళాశాలవాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు. ఈ నెల ఇరవై నాలుగు, సోమవారం, ఉదయం పది గంటలకి. గత రెండేళ్ళూ పిలవను కూడా పిలవలేదు. వచ్చే నెలకి నాకు ఇరవై ఆరు నిండుతాయి, ఆ తర్వాత దరఖాస్తు పెట్టే అర్హతే ఉండదు. అంటే ఇదే ఆఖరు అవకాశం.

ఉత్తరం అడుగున ఒక వాక్యం కింద గీత గీసి ఉంది. "డిగ్రీ రెండో సంవత్సరం మార్కుల గురించి అడుగుతాం. దరఖాస్తులో మీరు రాసిన కారణానికి సంబంధించిన కాగితాలు తెచ్చుకోవాలి."

రెండో సంవత్సరం. ఫిజియాలజీ ముప్పై ఒకటి, కెమిస్ట్రీ ఇరవై ఎనిమిది, స్టాటిస్టిక్స్ ముప్పై మూడు. ముప్పై ఐదు వస్తేనే పాస్. మొదటి సంవత్సరంలో ఏ సబ్జెక్టులోనూ ఎనభైకి తగ్గలేదు. మూడింటినీ తర్వాత మళ్ళీ రాసి గట్టెక్కాను గానీ, మార్కుల కాగితం మీద ఆ మచ్చ అలాగే ఉంది.

తక్కువ మార్కులకి కారణం రాయమని దరఖాస్తులో ఈ ఏడే కొత్తగా అడిగారు. రాయడానికి నాకేం కష్టం కాలేదు. నాన్నకి పక్షవాతం వచ్చింది. అమ్మ లేదు. అక్కా నేనూ చూసుకున్నాం. ఇంకేం చెప్పాలి? నాన్న మంచం మీద ఉంటే ఏ కూతురు చదువుతుంది?

ఆగస్టు 5, బుధవారం

అక్క నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా తను కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరికి దించి ఇంటర్వ్యూ చేసింది. లాయరు ఆఫీసులో పదేళ్ళుగా టైపు చేస్తోంది కదా, సగం లాయరు తనే అనుకుంటుంది.

"మీ మార్కులు ఎందుకు తగ్గాయమ్మా?"

చెప్పాను. నాన్న, పక్షవాతం, ఆసుపత్రి, అన్నీ.

"ఏంటే అలా ఒప్పజెప్తావు, కరెంటు బిల్లు చదువుతున్నట్టు? కాస్త గొంతు వణకాలి. కళ్ళల్లో నీళ్ళు తిరగాలి, కిందికి మాత్రం కారకూడదు."

"అదెలా చేస్తారే?"

"నాకేం తెలుసు? మా సార్ దగ్గరికొచ్చే పార్టీలంతా చేస్తారు."

లోపలి గదిలోంచి నాన్న నవ్వు వినిపించింది. "చెప్పవే, బాగా చెప్పు. నా జబ్బేగా, ఎంత కావాలంటే అంత వాడుకో" అన్నాడు.

ఆరుసార్లు చేయించింది. ఆరోసారికి నా గొంతు నిజంగానే వణికింది, ఆకలికి.

ఆగస్టు 6, గురువారం

మా ఆసుపత్రిలో ఇవాళ జరిగింది రాయకుండా ఉండలేను. (మా ఆసుపత్రి అంటే కుక్కలు, పిల్లులు, కుందేళ్ళు వచ్చే రెండు గదుల ఆసుపత్రి. డాక్టరమ్మ, నేను, ఒక ఆయా. నాలుగేళ్ళయింది నేను చేరి.)

ఒకావిడ పిల్లిని తెచ్చింది. అన్నం ముట్టట్లేదట. డాక్టరమ్మ కేసు కాగితం తీసింది. అందులో రెండు గళ్ళు పక్కపక్కన ఉంటాయి: "ఎప్పటి నుంచి", "ఎందుకని మీ అనుమానం". డాక్టరమ్మ ఎప్పుడూ రెండో గడిని అరచేత్తో కప్పేసి మొదటిది నింపుతుంది. నేను చేరిన కొత్తలో అది ఆవిడ అలవాటేమో అనుకున్నాను.

"మా అత్తగారు వచ్చినప్పటి నుంచీ డాక్టరుగారూ. ఆవిడంటే దీనికి పడదు" అంది పిల్లి తాలూకు ఆవిడ.

"మీ అత్తగారు ఎప్పుడొచ్చారు?"

"పోయిన శుక్రవారం."

"పిల్లి ఆఖరిసారి ఎప్పుడు తింది?"

ఆవిడ వేళ్ళు ముడిచి లెక్కపెట్టింది. "మొన్న మంగళవారం రాత్రి."

"మరైతే ఆవిడ వచ్చాక కూడా నాలుగు రోజులు తింది. అత్తగారి తప్పేం లేదమ్మా, పాపం" అంది డాక్టరమ్మ.

ఆవిడ మొహం చూడాలి. పిల్లికి పన్ను పుచ్చిందని తేలిందిగానీ ఆవిడకి ఆ సంగతి అంత సంతోషంగా అనిపించలేదు. వెళ్ళాక డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ అంది, "ఎందుకని ముందు అడిగితే, వాళ్ళకి ఏది కారణమైతే బాగుంటుందో అది చెప్తారు. అబద్ధం కాదు, నమ్మే చెప్తారు. ఎప్పటి నుంచి అని అడిగితే మాత్రం వేళ్ళు లెక్కపెట్టుకోవాలి కదా."

ఆగస్టు 8, శనివారం

నాన్న డిశ్చార్జి కాగితం కోసం వెతికాను. రెండు డబ్బాలు, ఒక సూట్‌కేసు బోర్లించాక, నాన్న తాపీగా, "బీరువాలో రెండో అర, నీలం ఫైలు, పైనుంచి మూడోది" అన్నాడు. ముందే చెప్పొచ్చు కదా అంటే, నువ్వు అడగలేదు కదా అన్నాడు. ముప్పై ఏళ్ళు బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఏ వస్తువు ఎక్కడుందో, ఏ బండి ఎప్పుడు పోయిందో ఆయనకి తెలియనిది లేదు.

కాగితాన్ని ఎడం చేత్తో ఒకసారి సాఫుచేసి ఇచ్చాడు. కుడి చెయ్యి ఇప్పటికీ మాట వినదు. "ఇది చూపించు. పని జరుగుతుంది" అన్నాడు.

తీసుకెళ్ళి మార్కుల కాగితంతో కలిపి జెరాక్స్ తీయించాను. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను, పిన్ను కొట్టడానికి.

ఆసుపత్రిలో చేరిన తేదీ: ఏప్రిల్ 22.

పరీక్షలు: మార్చి 2 నుంచి మార్చి 19 వరకు.

తప్పు చూశానేమో అని మళ్ళీ చూశాను. సంవత్సరం కూడా చూశాను. సంవత్సరం ఒకటే.

పిన్ను కొట్టలేదు.

ఆగస్టు 9, ఆదివారం

నాన్నకి ముందు నుంచే నలతగా ఉండి ఉంటుంది. పక్షవాతం ఒక్కసారిగా ఊడిపడదు కదా. బీపీ ఉండేది. ఇంట్లో ఆ దిగులు ఉండి ఉంటుంది, అది నా చదువు మీద పడి ఉంటుంది.

ఆగస్టు 11, మంగళవారం

కండక్టర్ బాబాయి నాన్నని చూడ్డానికి వచ్చాడు. డిపోలో నాన్నతో ఇరవై ఏళ్ళు పనిచేసినవాడు. టీ ఇస్తూ, ఊరికే అడిగినట్టు అడిగాను: "బాబాయ్, నాన్న పడిపోయే ముందు నీరసంగా ఉండేవాడా? రెండు మూడు నెలల ముందు?"

"మీ నాన్నా? నీరసమా?" అన్నాడు బాబాయి. "ఆ మార్చిలో కొత్త టైమ్ టేబుల్ వచ్చిందమ్మా. రోజుకి రెండు డ్యూటీలు చేశాడు. ఒక్క సెలవు పెట్టలేదు. మమ్మల్నందర్నీ చెవిలో జోరీగలా పీక్కుతిన్నాడు. పడిపోయే ముందురోజు కూడా నాతో కుస్తీ పడ్డాడు, బండి నాలుగు నిమిషాలు లేటని."

నాన్న టీలోకి చూస్తూ, "ఎందుకులే ఆ పాత సంగతులు" అన్నాడు.

వింతగా అనిపించింది. నాలుగు నిమిషాలకి కుస్తీ పట్టే మనిషి, నా పరీక్షలూ తన జబ్బూ ఎప్పుడు మాటల్లోకి వచ్చినా "ఆ రోజుల్లోనే" అంటాడు. ఏ రోజుల్లో? ఎప్పుడూ తేదీ చెప్పడు.

ఆగస్టు 12, బుధవారం

నవంబరు దాకా క్లాసులు గుర్తున్నాయి. మరి అక్కడి నుంచి మార్చి దాకా నేనేం చేస్తున్నాను?

నిజంగా గుర్తులేదు. ఐదు నెలలు. మనిషికి ఐదు నెలలు ఎలా పోతాయి?

ఆగస్టు 14, శుక్రవారం

పొడుగుకి ఫోన్ చేశాను. హాస్టల్లో పక్క మంచం తనది. ఇప్పుడు మందుల కంపెనీలో పనిచేస్తోంది, ఇద్దరు పిల్లలు. రెండేళ్ళయింది మాట్లాడి. యోగక్షేమాలు అయ్యాక అడిగాను, సెకండియర్లో నేనేం చేసేదాన్నే అని.

"నిద్రపోయేదానివి" అంది.

"పోనీలే, పరాచికాలొద్దు."

"పరాచికం కాదే. పదకొండు దాకా నిద్ర. తర్వాత మెస్సు. తర్వాత వరండాలో కూర్చుని అందరితో కబుర్లు. బాగా నవ్వించేదానివి. పుస్తకం పట్టుకుంటే ఒట్టు. మేం చదువుతుంటే వచ్చి లైటు తీసేసేదానివి."

"ఎప్పటి నుంచి?" అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

వెనకాల పిల్లలు దేనికో పోట్లాడుకుంటున్నారు. "నవంబరులో ఆ టెస్టు తర్వాత. ఫిజియాలజీ మాస్టారు మార్కులు పైకి చదివాడే, ఆ రోజు నుంచి. నీకు నలభైకి పదకొండు వచ్చాయి. క్లాసంతా వెనక్కి తిరిగి చూశారు. నువ్వు నవ్వేశావు. అందర్నీ క్యాంటీన్‌కి తీసుకెళ్ళి టీ ఇప్పించావు. 'పుస్తకం ముట్టుకోలేదే, ముట్టుకోకుండానే పదకొండొచ్చాయి, ముట్టుకుంటే ఎన్నొచ్చేవో' అన్నావు. ఎంత నవ్వామో."

"అవును, చదవలేదు" అన్నాను.

"చదివావు" అంది పొడుగు. "వారం రోజులు చదివావు. దుప్పటి కప్పుకుని గొణుక్కుంటూ చదివావు, నాకు నిద్ర లేదు. పక్క మంచం నాదే కదే."

ఆగస్టు 15, శనివారం

సెలవు. నాన్న నిద్రపోతున్నాడు, అక్క బయటికెళ్ళింది. ఇవాళ కూర్చుని రాస్తాను.

చదివాను. మూత్రపిండం పాఠం. దానిమీదే టెస్టు. నాలుగుసార్లు చదివాను, బొమ్మ ఏడుసార్లు వేశాను. కళ్ళు మూసుకున్నా ఆ బొమ్మ కనిపించేది. అయినా టెస్టులో ప్రశ్న కాస్త అటూ ఇటూ తిప్పి అడిగేసరికి బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. పదకొండు.

అంతకుముందు నాకెప్పుడూ అలా జరగలేదు. స్కూల్లో ఫస్టు, కాలేజీలో ఫస్టు. చదివితే వస్తుంది, అంతే, అందులో అనుమానమే లేదు. చదివినా రాకపోవడం అనేది వేరేవాళ్ళకి జరుగుతుంది. వెనక బెంచీవాళ్ళకి. వాళ్ళంటే నాకు జాలి.

అందుకని చదవలేదన్నాను. చాలా తేలిగ్గా వచ్చింది ఆ మాట. చదవలేదంటే పొగరు. చదివాను, రాలేదు అంటే తెలివి లేదు. పొగరుబోతని అనిపించుకోవడం ఎంతో నయం అనిపించింది.

ఇక్కడివరకు ఎవరైనా చేస్తారేమో. తర్వాత చేసిందే నాకు ఇప్పుడు విచిత్రంగా ఉంది. ఆ మాటని నిజం చేయడానికి ఐదు నెలలు కష్టపడ్డాను. కష్టమే అది. చదువుని అటకెక్కించడం నాబోటిదానికి అంత సులువు కాదు. చెయ్యి పుస్తకం మీదకి పోయేది. లైటు తీసేసేదాన్ని. పరీక్షలో తప్పితే, చదవలేదు కాబట్టి తప్పింది అవుతుంది కదా. మళ్ళీ చదివి, మళ్ళీ పదకొండు వస్తే? అది మాత్రం తట్టుకోలేను. మూడు సబ్జెక్టులు పోగొట్టుకోవడం తట్టుకోగలిగాను.

ఆ టెస్టు పేపరు మాస్టారు తిరిగి ఇచ్చారు, అందరికీ. నేను తీసుకోలేదు. బల్ల మీద వదిలేసి వచ్చాను. ఎక్కడ తప్పానో ఈ రోజుకీ తెలియదు.

ఇంకొకటి ఉంది.

ఫలితాలు జూన్‌లో వచ్చాయి. నాన్న అప్పటికింకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. మాస్టారు పిలిపించారు. ఏమైందమ్మా అన్నారు. చదవలేదు సార్ అందామనే నోరు తెరిచాను. "నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు సార్" అని వచ్చింది. ఆయన లేచి కుర్చీ వేశారు. మంచినీళ్ళు తెప్పించారు. ఎప్పుడు చేరాడని అడగలేదు. ఎవరూ అడగలేదు, ఆరేళ్ళలో. జబ్బు అంటే మనుషులు తేదీ అడగరు, అది మర్యాద కాదు.

ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు ఏమనిపించిందో ఇప్పుడు రాస్తాను. హమ్మయ్య అనిపించింది. మా నాన్న నోటిమాట లేకుండా, ముక్కులో గొట్టంతో పడి ఉన్నాడు, నాకు హమ్మయ్య అనిపించింది. మంచి కారణం దొరికింది, ఇంక ఎవరూ ఏమీ అడగరు అని.

ఈ వాక్యం రాసి పది నిమిషాలైంది. కొట్టేయలేదు.

ఆగస్టు 16, ఆదివారం

అక్కకి చెప్పాను. హమ్మయ్య సంగతి కాదు, తేదీల సంగతి.

"అయితే?" అంది.

"కారణం తప్పు కదే."

"జబ్బు అబద్ధమా? ఆసుపత్రి అబద్ధమా? నువ్వూ నేనూ ఏడాది పాటు వంతులు వేసుకుని గుడ్డలు మార్చింది అబద్ధమా? నెల అటో ఇటో. తేదీలు ఎవరు చూస్తారే?"

"నేను చూశాను."

"నీకు పనీపాటా లేక చూశావు. నాన్న కాగితం మీద ఉన్న తేదీ మీద బొటనవేలు పెట్టి చూపించు." మెల్లగా అంది, "పిచ్చిదానా, ఇది ఆఖరుసారి. లోపలికి వెళ్ళాక నీతులు చెప్పుకో. నాన్న ఎంత ఆశగా ఉన్నాడో చూశావా? పొద్దున్న మళ్ళీ అడిగాడు, నా కాగితం సరిపోతుందా, డాక్టరుతో ఇంకోటి రాయించనా అని."

అక్క మంచిది. నా కోసం అబద్ధమాడాలంటే పదిమంది ముందు ప్రమాణం చేసి మరీ ఆడుతుంది.

ఆగస్టు 18, మంగళవారం

అక్కతో అయిపోతే బాగుండేది. కానీ డాక్టరమ్మ ఉత్తరం ఉంది. నా గురించి ఆవిడ రాసిన సిఫార్సు ఉత్తరం, ఒరిజినల్ నా దగ్గరే ఉంది, ఇంటర్వ్యూలో ఇవ్వాలి. అందులో రెండో పేరా: "తండ్రి పక్షవాతంతో ఉన్న సమయంలో పరీక్షలు రాయవలసి వచ్చినందువల్ల మార్కులు తగ్గాయి." నా మాట మీద రాసి, కింద సంతకం పెట్టింది. అంటే నా అబద్ధానికి ఆవిడ సంతకం ఉంది.

ఆవిడ కుందేలు గోళ్ళు కత్తిరిస్తోంది, నేను పట్టుకున్నాను. రెండు చేతులూ ఖాళీ లేనప్పుడు చెప్పడమే మంచిదనిపించింది. చెప్పాను, పదకొండు మార్కుల దగ్గర్నుంచి.

ఆవిడ నాలుగు కాళ్ళ గోళ్ళూ పూర్తిచేసింది. కుందేలుని వాళ్ళకి ఇచ్చి, చేతులు కడుక్కుని వచ్చి, "ఉత్తరం తే" అంది.

చింపేస్తుందనుకున్నాను.

"మన కేసు కాగితంలో తప్పు రాస్తే ఏం చేస్తాం?" అంది.

"ఒక్క గీత కొడతాం. పక్కన సరైనది రాసి, తేదీ వేసి సంతకం పెడతాం." తెల్లరంగు పూయడం, కాగితం మార్చడం ఆవిడ దగ్గర కుదరదు. ముందు ఏమనుకున్నామో కూడా కనపడాలి, లేకపోతే రేపొచ్చే డాక్టరు అదే పొరపాటు మళ్ళీ చేస్తాడు అంటుంది.

ఆ వాక్యం మీద ఒక్క గీత కొట్టింది. మార్జిన్‌లో సన్న అక్షరాలతో రాసింది: "ఈ కారణం సరి కాదని అభ్యర్థి తానే వచ్చి నాకు చెప్పింది. మిగిలినదంతా నేను కళ్ళారా చూసి రాసింది." తేదీ. సంతకం.

"కోపం వచ్చిందా మేడం?"

"వచ్చింది. నాలుగేళ్ళు నా పక్కన నిలబడి ఎప్పటి నుంచి, ఎప్పటి నుంచి అని వింటూ, నీ సంగతి ఇప్పుడా చూసుకునేది?" అంది. తర్వాత ఉత్తరం చేతికిస్తూ, "ఇది ఇస్తావో, ఇవ్వవో నీ ఇష్టం. వేరేది మాత్రం రాయను" అంది.

ఆగస్టు 21, శుక్రవారం

ఉత్తరం లేకుండా వెళ్ళొచ్చు. సిఫార్సు ఉత్తరం తప్పనిసరి కాదు. నిబంధనలు మళ్ళీ చదివాను, తప్పనిసరి కాదు.

ఆగస్టు 23, ఆదివారం

నాన్నకి చెప్పలేదు. చెబుదామని మూడుసార్లు గదిలోకి వెళ్ళాను. మొదటిసారి మంచినీళ్ళు ఇచ్చి వచ్చాను, రెండోసారి కిటికీ వేసి వచ్చాను, మూడోసారి ఆ కిటికీయే తీసి వచ్చాను.

"ఏంటే ఆ తిరుగుడు? భయమా?" అన్నాడు.

"కొంచెం."

"నాలుగైదు ప్రశ్నలు అడుగుతారు, అంతే. మార్కుల సంగతి ఎత్తగానే నా మీదకి తోసెయ్" అన్నాడు.

ఆగస్టు 24, సోమవారం

ఇంటర్వ్యూ అయిపోయింది. జాబితా ఐదింటికి గోడకి అంటిస్తారట. కాలేజీ గేటు ఎదురుగా టీ కొట్టులో కూర్చుని రాస్తున్నాను. అక్క సగం రోజు సెలవు పెట్టి వస్తోంది.

ముగ్గురున్నారు. మధ్యలో బట్టతల ఆయన, ఆయన మాటే నడుస్తోంది. ఎడంవైపు ఒక పడుచు లెక్చరరు. కుడివైపు లావు కళ్ళద్దాల పెద్దావిడ, ఆవిడ నా వైపు కాకుండా కిటికీలోంచి ఎవరో కుక్కని ఎక్కిస్తున్న వ్యాను వైపు చూస్తోంది.

మధ్యాయన నా కాగితాలు తిప్పి, "మీ నాన్నగారు ఇప్పుడెలా ఉన్నారు?" అన్నాడు. చాలా మెత్తగా అన్నాడు. ఆ మెత్తదనం ఆరేళ్ళుగా నాకు అలవాటే.

"బాగున్నారు సార్. సార్, ముందు నేను రాసింది ఒకటి దిద్దుకోవాలి. నాన్న జబ్బు నిజమే, కానీ అది పరీక్షలు అయిపోయిన నెలకి వచ్చింది. మార్కులకి అది కారణం కాదు." డాక్టరమ్మ ఉత్తరం బల్ల మీద పెట్టాను.

ఆయన ఉత్తరం చదివాడు. మెత్తదనం పోయింది. "ఈ కారణం చూసే మిమ్మల్ని పిలిచాం. ఈ మార్కులకి మామూలుగా పిలవం. తెలుసా?"

తెలియదు. తెలిసి ఉంటే ఆ కాగితం సంచిలోంచి తీసేదాన్నో లేదో కూడా తెలియదు. "ఇప్పుడు తెలిసింది సార్" అన్నాను.

"మరి అసలు కారణం?"

చెప్పాను. పదకొండు, క్యాంటీను, లైటు తీసెయ్యడం. గొంతు వణకలేదు, కళ్ళల్లో నీళ్ళు రాలేదు, అక్క చూస్తే తలకొట్టుకునేది.

పడుచు లెక్చరరు, "మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు" అంది.

"నాన్న ఆసుపత్రి కాగితం మీరు అడిగేవారు కదా మేడం. మార్కుల కాగితం పక్కన పెడితే తెలుస్తుంది."

"అంటే దొరికిపోతానని భయపడి చెబుతున్నారా?" అన్నాడు మధ్యాయన.

"అది కూడా కొంచెం ఉంది సార్."

ఎవరూ నవ్వలేదు. అంతే, అయిపోయింది అనుకున్నాను. అప్పుడు కళ్ళద్దాలావిడ కిటికీ మీంచి చూపు తిప్పింది.

"జంతువుల ఆసుపత్రిలో చేస్తున్నారు కదా. ముసలి పిల్లులు వస్తుంటాయా?"

"వస్తాయి మేడం."

"మూత్రపిండాలు చెడిపోతే మూత్రం తగ్గాలి కదా. మరి మొదట్లో అవి నీళ్ళు తెగ తాగి, తెగ పోస్తాయెందుకు?"

ఆ పాఠమే. పుస్తకంలో చిత్రం ఏ పేజీలో ఉందో కూడా తెలుసు. "చెడిపోయిన మూత్రపిండం నీళ్ళని వెనక్కి లాక్కోలేదు మేడం. మూత్రం చిక్కబడదు. నీళ్ళు బయటికి పోతాయి కాబట్టి దాహం వేస్తుంది."

"బాగున్న మూత్రపిండం ఎలా చిక్కబరుస్తుంది?"

ఇక్కడే. ఆరేళ్ళ క్రితం సరిగ్గా ఇక్కడే రాయినయ్యాను. నాలుక మీద ఆ పాత మాట సిద్ధంగా ఉంది: ఆ భాగం సరిగ్గా చదవలేదు మేడం. ఎంత తేలిక. ఎవరూ ఏమీ అనరు.

"చదివాను మేడం" అన్నాను. "చాలాసార్లు చదివాను. నాకు అర్థం కాలేదు."

ఈ మాట నా జీవితంలో ఎవరితోనూ అనలేదు. అని చూస్తే పైకప్పు ఏం కూలలేదు.

ఆవిడ ఒక తెల్లకాగితం నా ముందుకి తోసింది. "ఏది అర్థం కాలేదో వెయ్యి."

బొమ్మ వేశాను. హెయిర్‌పిన్నులా వంగిన గొట్టం. "కిందికి దిగేటప్పుడు నీళ్ళు గోడలోంచి బయటికి పోతాయి. పైకి ఎక్కేటప్పుడు ఉప్పు బయటికి పోతుంది, నీళ్ళు మాత్రం కదలవు. గొట్టం ఒకటే కదా మేడం. వంపు దగ్గర గోడ ఎందుకు మారిపోతుంది? మారితే ఏం లాభం?"

"రెండు ప్రశ్నలు" అంది ఆవిడ. కుర్చీ ముందుకి జరుపుకుని కలం తీసింది. ఎక్కే గొట్టం ఉప్పుని బయటికి తోస్తే చుట్టూ ఉన్న చోటంతా ఉప్పగా అవుతుందట. ఆ ఉప్పదనమే దిగే గొట్టంలోంచి నీళ్ళని లాగుతుందట. ఒకటి పెడితే ఒకటి తీసుకుంటుంది. నేను ఆపి ఆపి అడిగాను. మరి రక్తం వచ్చి ఆ ఉప్పుని కడిగేయదా అన్నాను. ఆవిడ, "ఆ రక్తనాళం కూడా వంగే ఉంటుంది, చూడు" అని ఇంకో బొమ్మ వేసింది. పది నిమిషాలో పావుగంటో, అది ఇంటర్వ్యూ అన్న సంగతే మర్చిపోయాను.

మధ్యాయన గడియారం చూసుకుని గొంతు సవరించుకున్నాడు. "గోడ ఎందుకు మారింది అన్న దానికి మీరు జవాబు చెప్పలేదండీ" అన్నాడు ఆవిడతో.

"మా మాస్టారూ చెప్పలేదు" అంది ఆవిడ.

నన్ను వెళ్ళమన్నారు. ఆ కాగితం తీసుకోవచ్చా అని అడిగాను. తీసుకోమన్నారు.

అక్క వచ్చింది, దూరం నుంచే చెయ్యి ఊపుతూ అడుగుతోంది. ఇప్పుడు దీనికేం చెప్పను?

అదే రోజు, సాయంత్రం, ఇంట్లో

ముప్పై సీట్లు. ముప్పై నంబర్లు. అక్క అడుగు నుంచి చదివింది కాబట్టి తొందరగా దొరికింది. నాది ఇరవై తొమ్మిదోది.

అక్క అంతకుముందు అరగంట నన్ను తిట్టిన తిట్లన్నీ మర్చిపోయి, నోటీసుబోర్డు ముందే నన్ను పట్టుకుని ఏడ్చింది. కళ్ళల్లో తిప్పుకోలేదు, కిందికే కార్చింది.

ఇంటికి వచ్చేసరికి నాన్న చొక్కా మార్చుకుని కూర్చుని ఉన్నాడు, చుట్టాలొస్తున్నట్టు. అక్క గుమ్మంలోంచే చెప్పేసింది. నాన్న ఎడం చేత్తో నా తల దగ్గరికి లాక్కున్నాడు. అక్క వంటింట్లోకి వెళ్ళింది.

"చూపించావా?" అన్నాడు. "నా కాగితం. చూసి ఏమన్నారు?"

అంత ఆశగా అడిగాడు. చూపించాను నాన్నా, దానివల్లే వచ్చింది అంటే చాలు. ఒక్క మాట. ఆయన ఆ మాట పట్టుకుని ఎన్నాళ్ళు బతుకుతాడో నాకు తెలుసు.

"చూపించలేదు నాన్నా" అన్నాను. "నువ్వు పడిపోయింది పరీక్షలయ్యాక. అదే చెప్పాను వాళ్ళకి. నీ జబ్బు వల్ల నా మార్కులు పోలేదు. ఆరేళ్ళూ అబద్ధం చెప్పాను. నిన్ను అడ్డం పెట్టుకున్నాను."

నాన్న చాలాసేపు తన కుడి చెయ్యి చూసుకున్నాడు.

"మార్చి పంతొమ్మిది, గురువారం" అన్నాడు. "మధ్యాహ్నం రెండూ పదికి నీ పరీక్ష అయింది. రెండు డ్యూటీల మధ్య వచ్చి, మూడుంపావు బండికి నిన్ను హాస్టల్ నుంచి తీసుకొచ్చాను. నీ రెండు పెట్టెలూ నేనే మోశాను, మూడో అంతస్తు నుంచి. నాకేం కాలేదు."

"నీకు తెలుసా?"

"నాకు తెలియకపోవడమేంటే?"

"మరి ఎందుకు చెప్పలేదు? నేను అందరితో అలా చెప్తుంటే, నీ ముందే చెప్తుంటే?"

"ఆ మంచం మీద నేనెలా ఉన్నానో నీకు తెలియనిదా" అన్నాడు. "మీరిద్దరూ నోట్లో ముద్ద పెడితే తిన్నాను. నా వల్ల ఎవరికీ ఏ పనీ అయ్యేది కాదు. నువ్వు వచ్చి, మాస్టారు ఏమీ అనలేదు నాన్నా, నీ సంగతి చెప్తే ఊరుకున్నాడు అన్నావు. ఓహో, ఇలా పడి ఉండి కూడా నా కూతురికి ఒక అడ్డం అయ్యాను అనుకున్నాను. ఆ ఏడాది నేను చేసిన పని అదొక్కటే. దాన్ని ఎందుకు చెడగొట్టుకుంటాను?"

నేను ఆయన ఒళ్ళో మొహం పెట్టేసుకున్నాను. హమ్మయ్య సంగతి కూడా చెప్పేశాను, అక్కడే, మొహం ఎత్తకుండా. వినిపించిందో లేదో. వీపు మీద చెయ్యి ఆగలేదు. కాసేపటికి చూస్తే అది కుడి చెయ్యి. ఎడం చేత్తో దాన్ని ఎత్తి నా వీపు మీద పెట్టి, మణికట్టు పట్టుకుని నిమురుతున్నాడు.

"అది సరేగానీ," అన్నాడు చివరికి, "మరి మార్కులెందుకు పోయాయే?"

ఆరేళ్ళలో ఆ ప్రశ్న మా ఇంట్లో ఎవరూ అడగలేదు. లేచి, కళ్ళు తుడుచుకుని, కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. "మొదటి నుంచి చెప్తాను" అన్నాను.

"తేదీలతో చెప్పు" అన్నాడు నాన్న.